నిలవని రంగు

మా తమ్ముడు వెంకటేశులు అన్నం తినేటప్పుడు గూడా నల్లద్దాలు తీసేవాడు కాదు. నల్లద్దాలు పెట్టుకొని పట్టుకు రంగేసేవాన్ని ధర్మవరంలో యాడన్నా చూసినారా? రంగుల పనంటేనే కండ్ల పని. గులాబీకీ కనకాంబరానికీ తేడా తెలియల్ల గదా! నేను తిట్టినా, వాని పెండ్లాము కదిరమ్మ మొత్తుకున్నా వాడు ఇనలేదు. "ఎండ చంపుతాండాదక్కా, కండ్లు మంట" అనేవాడు. ఎనభైలో మాట అది. వానలు మొగం చాటేసిన ఏడు. ఎండ నిజంగానే చంపుతా ఉన్నింది, అందుకే నమ్మినాను.

ఆ అద్దాలంటే వానికి ప్రాణం. బెంగుళూరు సేటు ఒకాయప్ప మావోడేసిన రంగు మెచ్చుకొని తన మొగం మీదివి తీసి ఇచ్చినాడంట. మా ఇంట్లో వేసేది రెండు చాయల చీరలకు రంగు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఇట్ల పట్టుకుంటే ఎరుపు, అట్ల తిప్పితే పచ్చ. ఆ రెండూ ఒకదాన్నొకటి మింగకుండా సమంగా పలకల్ల. ఆ పని ఊర్లో అందరికీ రాదు, మా వెంకటేశుకు వస్తాది. నా తమ్ముడని పొగడతాండేది కాదు, ఉండే మాటే చెప్తాండా.

పీర్ల పండగ ముందర, తలకు నూనె పెడతా పెడతా ఆ అద్దాలు లాగేసినాను. అయ్యో నా తండ్రీ! రెప్పలు పొంగిన బూరెల మాదిరి ఉన్నాయి. కండ్లు సన్న గీతలు. పంచె పైకెత్తి చూస్తే కాళ్లు గూడా అంతే. వేలు పెట్టి నొక్కితే గుంట పడి, ఆ గుంట పూడనే పూడదు.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

"ఉగాది నుంచి" అన్నాడు. "ఇయ్యాల తగ్గుతాది, రేపు తగ్గుతాది అనుకుంటి."

"నీ అనుకోవడంలో మన్ను బొయ్య!" అని నెత్తిన ఒకటి మొట్టినాను. మొట్టిన చేత్తోనే మల్లా తల నిమిరినాను. నాయన పోయినాక వాన్ని నేనే సాకినాను. నా మొగుడు పోయినాక వాడు నన్ను ఇంటికి తెచ్చుకొని సాకినాడు. అట్లాంటి వాని మొగం అట్ల చూస్తే అక్కకు ఎట్లుంటాదో మీరే చెప్పండి.

నాకు మాత్రం ధైర్యం ఉన్నింది. ఎందుకంటే మా ఎనక వీధి ముత్యాలప్ప కూతురికి ఇట్లే ఒళ్లంతా ఉబ్బింది. అనంతపురం ఆసుపత్రిలో గంగాధరప్ప డాక్టరు తెల్ల మాత్రలు ఇస్తే నెల తిరిగే లోపల దిగిపోయింది. ఇప్పుడా పిల్ల వీధంతా ఎగురుతాంది. పోయి ఆ మాత్రలు తెచ్చుకుంటే సరిపాయ! అదీ నా లెక్క. కదిరమ్మకు కండ్ల మంటకు మందని చెప్పి, అనంతపురం బస్సెక్కినాము.

డాక్టరు వాన్ని పండబెట్టి నొక్కి చూసినాడు. ఉచ్చను గాజుగొట్టంలో పోసి కాస్తే గుడ్డులో తెల్ల మాదిరి గడ్డ కట్టింది.

"ముందర ఏమన్నా జబ్బు చేసిందా?" అన్నాడు.

"టీబీ వచ్చింది సార్, చానా ఏండ్లాయ. సూదులేసినారు, తగ్గింది" అన్నాడు మావోడు.

"సూదులు కడదాకా వేయించుకుంటివా?"

యాడ వేయించుకున్నాడు! దగ్గు తగ్గింది గదా, పెండ్లిండ్ల కాలం గదా అని మధ్యలోనే మానుకొని రంగుల బాన కాడికి పోయినాడు. పని దొరికే కాలంలో పడుకోమంటే ఏ రంగులోడు పడుకుంటాడు?

"సారూ, అయ్యన్నీ పాత కతలు" అన్నాను నేను. "ముత్యాలప్ప కూతురికి ఇచ్చినారే, ఆ తెల్ల మాత్రలు మాకూ రాయండి. బస్సు పోతాది."

గంగాధరప్ప నవ్వలేదు. మంచోడు ఆయప్ప, నల్లగా, పొట్టిగా, కంబదూరు పక్క పల్లె మనిషి. నా ఎదురుగా కుర్చీ లాక్కొని కూచున్నాడు.

"అమ్మా, ఉబ్బు ఒకటే గానీ జబ్బులు రెండు. ఆ పాపకొచ్చింది ఒక రకం, దానికా మాత్ర అమృతం. టీబీ ఏండ్ల తరబడి ఒంట్లో మగ్గితే ఇంకో రకం వస్తాది. రక్తంలో నుంచి ఒక పదార్థం పోయి కిడ్నీల్లో పేరుకుంటాది. దాన్ని అమిలాయిడ్ అంటాము. అదే అయ్యుండి నేనా మాత్ర ఇచ్చినాననుకో, కిడ్నీ బాగుపడదు, నిద్దరపోయే టీబీ లేచి కూచుంటాది. నా చేతులారా చంపినట్లే."

"ఏం పదార్థం సారూ అది? పడుగుకు గంజి పెడ్తామే, అట్ల పట్టుకుంటాదా?"

"ఆ పేరు పెట్టినోళ్లు గూడా గంజే అనుకున్నారమ్మా. గంజి కాదని ఎనక తెలిసింది. పేరు మాత్రం అట్లే నిలిచిపాయ."

"ఏ రకమో ఎట్ల తెలుస్తాది?"

"పంటి చిగురు ముక్క రవ్వంత కోసి, పలచగా తరిగి, రంగేసి చూస్తే తెలుస్తాది. ఆ పదార్థం చిన్న చిన్న రక్తనాళాల చుట్టూ గూడా చేరుతాది. దానికి పట్టే రంగులు వేరే ఉండాయి."

రంగు మాట ఇనపడేసరికి మా వాని మొగం ఎలిగింది. "నా ఒంటికే రంగేస్తారా సార్? అట్లయితే కూలి నాకే ఇయ్యల్ల" అన్నాడు. డాక్టరు అప్పుడు నవ్వినాడు.

ముక్క కోసినాక వాన్ని ఆసుపత్రిలోనే పండబెట్టినారు, కొన్నాళ్లు ఊకే కూచున్నాము. దాన్ని మైనంలో పెట్టి తరగల్లంట. ఆ పని చేసేది తిప్పేస్వామి. మడకశిర ఆయప్ప, మాటమాటకీ కన్నడం దొర్లుతాది. ఆయప్ప గదిలోకి ఎవురూ పోగూడదని రాసి పెట్టినారు. నాకు చదువు రాదు గదా, గడప మీద కూచున్నాను. తిప్పేస్వామి రెండు మాట్లు కసిరి, మూడో మాటు టీ ఇప్పించినాడు.

మొదట ఊదా రంగు వేసినాడు. "ఇది సులువు రంగమ్మా. మంచి కండ ఊదాగానే ఉంటాది. ఆ పాడు పదార్థం ఉండే తావ గులాబీకి తిరుగుతాది" అని చెప్పినాడు. డాక్టరు వచ్చి, సన్నవాటిని పెద్దగా చూపించే గొట్టంలో కన్ను పెట్టి చానాసేపు చూసినాడు. గులాబీ అంటే గులాబీ మాదిరి ఉండాదంట, కాదంటే కాదంట. రంగు గడ్డలు గడ్డలుగా కట్టిందంట.

"నీళ్లు సార్" అన్నాడు తిప్పేస్వామి. "కొళాయి వస్తే గదా నీళ్లు కాచి ఆవిరి పట్టేది? బోరు నీళ్లతో కడిగితే ఇట్లే ఏడుస్తాది. ఉప్పు లేని నీళ్లు ఒక్క బిందె దొరికితే కొత్తగా కలిపి, ఎరుపు రంగేసి చూద్దును."

నీళ్లు! ధర్మవరం రంగులోళ్లకు తెలియనిదా నీళ్ల సంగతి? ఉప్పు నీళ్లలో ముంచితే పట్టుకు రంగు ముదురుతాది, మచ్చలు పడ్తాయి. అందుకే మా రంగులోళ్లందరికీ ఒకే ఒక తీపినీళ్ల బావి. ఆ ఏడు దాంట్లో గూడా చెంబు మునిగేంత నీళ్లే ఉన్నాయి. ఇంటికొక బిందె అని కట్టు పెట్టుకున్నాము. ఆ రాత్రికి ఊరికి పోయి, పొద్దుగాల్నే మా వంతు తోడుకొని, బిందె మూతికి గుడ్డ కట్టి, బస్సెక్కినాను. బస్సులో అందరి కండ్లూ నా బిందె మీదే. ఒక పిల్లతల్లి "గుక్కెడు పొయ్యమ్మా, బిడ్డ నాలిక పీక్కుపోతాండాది" అన్నది. పొయ్యనన్నాను. "మనిషివేనా నువ్వు?" అన్నారు జనం. నాకూ నోరుండాది గదా, "మీ తమ్ముని పానం అయితే పోస్తారా?" అని అరిచినాను. మల్ల ఆ బిడ్డ నన్నే చూస్తాంటే తట్టుకోలేక దోసిట్లో కొంచెం పోసినాను. తిట్టుకుంటానే పోసినాను.

తిప్పేస్వామి బిందె చూసి దండం పెట్టినంత పని చేసినాడు. ఎర్ర పొడి కలుపుతాంటే మావోడు ఆసుపత్రి మంచం దిగి గోడ పట్టుకొని వచ్చినాడు. వచ్చి ఆ రంగు చూసి ఒకటే నవ్వు.

"ఏం రంగు స్వామన్నా ఇది?"

"కాంగో ఎరుపు."

"అనుకుంటి! మా తాత కాలంలో నూలుకేసేవాళ్లు గదా దీన్ని. చింతపులుసు బొట్టు పడితే చాలు, ఎరుపు పోయి నల్లబడ్తాది. రెండు ఉతుకులకు ఎలిసిపోతాది. అక్కా, ఇది సంతలో పిల్లోళ్ల గుడ్డలకేసే రంగు. యాడా నిలవదు!"

నాకు పానం లేచొచ్చింది. నిజమే గదా! గుడ్డకే నిలవని రంగు మనిషి కండకు నిలుస్తాదా? నిలవకపోతే ఆ జబ్బు కాదు. ఆ జబ్బు కాకపోతే తెల్ల మాత్రలు. తెల్ల మాత్రలేస్తే నా తమ్ముడు మల్లా నా తమ్ముడు. ఇద్దరమూ పందెం గెలిచినట్లే కూచున్నాము. కదిరికి పోయి నరసింహసామికి తల నీలాలిస్తానని గూడా మొక్కినాను.

గాజుపలక మీద ముక్కను ఆ ఎరుపులో ముంచితే అంతా ఎర్రగా అయిపోయింది. మంచీ చెడ్డా లేదు, సందూ గొందీ లేదు, అంతా ఎరుపే. "భయపడొద్దమ్మా, ఇప్పుడు కడగల్ల. కడిగితేనే నిజం తెలిసేది. సరిగ్గా కడగకుంటే ఈ ఎరుపు మంచోన్ని గూడా రోగి అంటాది" అన్నాడు తిప్పేస్వామి. సారాయి వాసన కొట్టే మందులో పలకను ముంచి తీస్తాండాడు. ముంచినప్పుడల్లా ఎరుపు పొగ మాదిరి కారతాంది.

నా బతుకంతా రంగుల బాన ముందర కూచొని "కారొద్దు తల్లీ, నిలువు తల్లీ" అని మొక్కిందాన్ని. ఆ పొద్దు మాత్రం "పో తల్లీ, పో, పూర్తిగా పో" అని మొక్కినాను. పక్కన వాడు గూడా పెదాలు కదిలిస్తాండాడు. ఏమని మొక్కినాడో అడగలేదు.

చానా వరకు పోయింది. పూర్తిగా పోలేదు.

డాక్టరు చూసినాడు. సన్న రక్తనాళాల చుట్టూ ఎర్రగా గాజుల మాదిరి నిలిచిపోయిందంట.

"తేలిపాయనా సారూ?" అన్నాను.

"లేదు" అన్నాడు. "ఊదా తడబడింది, ఎరుపు నిలిచింది. ఒట్టి ఎరుపును నమ్మి నేను మాట చెప్పలేను. ఒక్కోసారి మామూలు నారకు గూడా ఈ ఎరుపు అంటుకుంటాది. దీనికి ఇంకో పరీక్ష ఉండాది. వెలుతురును వడకట్టే అద్దాలు రెండు, ఒకటి పలక కింద, ఒకటి పైన పెట్టి తిప్పి చూస్తే, ఆ జబ్బయితే ఈ ఎరుపే పచ్చగా మెరుస్తాది. కాకపోతే మెరవదు. ఆ అద్దాలు మన కాడ లేవు. పలకను బెంగుళూరుకు పంపి తెప్పించుకునే లోపల..." అని ఆగి, మా వాని మొగం దిక్కు చూసినాడు. చూస్తానే ఉండిపోయినాడు.

"ఏమప్పా, ఆ నల్లద్దాలు ఇట్లియ్యి" అన్నాడు.

తీసుకొని కిటికీ కాడికి పోయి, ఒక గాజుపలక మీద పడే ఎండ తళుకును ఆ అద్దాల్లో నుంచి చూస్తా తిప్పినాడు. వెలుతురు వచ్చింది, పోయింది. "మంచి సరుకు. ఇవీ వెలుతురును వడకట్టేవే, పనికొస్తాయి. కానీ ఊడదీసి గుండ్రంగా కత్తిరించల్ల. మల్ల పెట్టుకునేదానికి రావు."

మావోడు చేత్తో కండ్లు మూసుకున్నాడు. వాడు ఎండకని పెట్టుకున్నది కాదు గదా. ఆ ఉబ్బిన కండ్లు కదిరమ్మ చూడగూడదు, వీధి చూడగూడదు, పట్టు ఇచ్చే సావుకార్లు చూడగూడదు. రోగమొచ్చిందని తెలిస్తే రంగుకు ఎవురిస్తారు?

"ఇయ్యిరా" అన్నాను నేనే. "ఎరుపులో ముంచితే పచ్చ యాడన్నా వచ్చిందా? పచ్చ కావల్లంటే పసుపులో ముంచి మల్ల నీలిలో ముంచల్ల. ఒట్టి ఎరుపులో నుంచి పచ్చ తీసే మొగోడు ధర్మవరంలోనే పుట్టలేదు. రాదు లే. ఇయ్యి."

"రాదు గదక్కా?"

"రాదురా నా బంగారు కొండా. రానే రాదు."

ఇచ్చినాడు. అవి గాజువి కాదంట, ప్లాస్టిక్కువి. తిప్పేస్వామి కత్తెరతో అద్దాలు రెండూ కోసినాడు. ఒకటి కింద, ఒకటి పైన. కిటికీ తలుపు తెరిచి ఎండ గొట్టం కింద ఉండే అద్దం మీద పడేటట్ల పెట్టినాడు. డాక్టరు వంగి చూస్తా పై అద్దాన్ని నిదానంగా తిప్పినాడు. తిప్పి ఆపినాడు. మల్లా తిప్పినాడు. లేచి తిప్పేస్వామిని చూడమన్నాడు. ఆయప్ప చూసి పక్కకు జరిగినాడు.

"నేను చూడల్ల" అన్నాడు వెంకటేశులు.

"వద్దప్పా."

"నా ఒళ్లు గదా సార్. అందులో రంగు పని."

వంగినాడు. గోర్ల సందుల్లో ఇంకా రంగు పోని వేళ్లతో అద్దం పట్టుకొని తిప్పినాడు. ఇట్ల, అట్ల, మల్లా ఇట్ల. బట్ట వెలుతురుకు పట్టుకొని చూసేటప్పుడు ఎట్ల చూస్తాడో అట్లే.

"అక్కా, రా" అన్నాడు. "రెండు చాయలు."

చూసినాను. మొదట నల్లగా ఉన్నింది. ఏందీ లేదు, బతికినాము అనుకున్నాను. అది నా కండ్లు కుదరక. కుదిరినాక కనపడింది. నల్లదాంట్లో గాజులు గాజులుగా పచ్చగా మెరుస్తాండాది. డాక్టర్లు దాన్ని ఆపిల్ పచ్చ అంటారంట. నేను చూసిన ఆపిల్ ఎరుపే. అది మేమేసే చిలకపచ్చ, అచ్చం చిలకపచ్చ. అద్దం తిప్పితే పచ్చ పోయి ఎరుపు, మల్ల తిప్పితే ఎరుపు పోయి పచ్చ. ఒకదాన్నొకటి మింగకుండా, సమంగా.

"బాగా పలికింది గదక్కా" అన్నాడు నా తమ్ముడు.

ఏ గుడ్డకూ నిలవని రంగు, సంత గుడ్డల రంగు, పోయిపోయి నా తమ్మునికి నిలిచింది.

"సారూ" అన్నాను డాక్టరు చేతులు పట్టుకొని, "రంగు చెడితే లాగేసేదానికి మా కాడ మందుండాది. నీళ్లలో కలిపి కాస్తే పాత రంగంతా ఇడిచిపెట్టి పట్టు తెల్లగా అవుతాది. మీ కాడ అట్లాంటిది ఉంటాది గదా. ఇంత చదువుకున్నారు. ఉంటాది."

"లేదమ్మా. పేరుకునింది తీసేదానికి ఏదీ లేదు. టీబీ మందులు మల్లా మొదలుపెడదాము. ఉప్పు మానల్ల. ఉబ్బు దిగేదానికి మాత్ర ఇస్తాను. అంతవరకే."

"తెల్ల మాత్ర?"

"ఇయ్యలేను."

"రవ్వంత? సగం బిళ్ల?"

"అమ్మా."

అప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. "మందు లేనప్పుడు మల్ల ఎందుకయ్యా చూస్తిరి? ఊదా అంటిరి, ఎరుపు అంటిరి, పచ్చ అంటిరి! ఇన్ని రంగులెందుకేస్తిరి? బిడ్డ నోటి కాడి నీళ్లు తెచ్చి పోస్తి గదయ్యా మీకు! వాని కండ్ల మీది అద్దాలు ఇప్పిస్తి గదయ్యా!" అని అరిచినాను. నర్సులు పరిగెత్తుకొచ్చినారు. గంగాధరప్ప వాళ్లను పొమ్మన్నాడు. తల ఎత్తకుండా నిలబడుకున్నాడు.

"తప్పు మందిచ్చి ఈ నెలలోనే చంపకుండా ఉండేదానికమ్మా" అన్నాడు. "అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు."

ఆయప్పను అన్న పాపం ఊరికే పోదు. నిజమే చెప్పినాడు. నిజమైనా నా కడుపుమంట ఆరలేదు, ఇప్పటికీ ఆరలేదు.

మేము బయల్దేరేటప్పుడు తిప్పేస్వామి ఎనకాలే వచ్చి కాలీ బిందె ఇచ్చినాడు. ఇంకో చేతిలో నల్లద్దాల చట్రం ఉన్నింది, అద్దాల్లేని ఒట్టి చట్రం. "మన్నించప్పా" అని మావాని చేతిలో పెట్టి గిర్రున తిరిగి పోయినాడు.

బస్సులో వాన్ని కిటికీ పక్క కూచోబెట్టినాను. దోవ పొడుగునా ఎండిపోయిన శెనక్కాయ చేండ్లు. ధర్మవరం దగ్గరపడేకొద్దీ వాడు పంచె కొంగుతో మొగం దాచుకుంటాండాడు. బస్టాండు కాడ కదిరమ్మ వచ్చి ఉంటాదని వానికి తెలుసు, నాకూ తెలుసు. ఆయమ్మకు ఏం చెప్పల్లనో ఇద్దరికీ తెలియదు.

బస్సు ఊర్లోకి తిరిగినప్పుడు వాడు జేబులో నుంచి ఆ ఒట్టి చట్రం తీసినాడు. పైపంచతో తుడిచినాడు, ఏముండాదని తుడుస్తాడు! తుడిచి, చెవులకు తగిలించుకొని నా దిక్కు తిరిగినాడు. రెండు గుండ్రాల్లో నుంచి ఆ ఉబ్బిన రెప్పలు, సన్న గీతల్లాంటి కండ్లు, ఉండేవి ఉండేటట్ల కనపడతాండాయి.

"ఎట్లుండానక్కా? కదిరమ్మకు తెలుస్తాదా?"

"తెలీదురా" అన్నాను. "ఏమీ తెలీదు. సేటు మాదిరి ఉండావు."